ముందు నీళ్ళనడగాలి

"చేపకి పిచ్చెక్కింది, వెంటనే రా" అని
సాల్మియా నుంచి ఫోను.
జులై నెల, మధ్యాహ్నం రెండు.
వ్యాను స్టీరింగు పట్టుకుంటే పెనం పట్టుకున్నట్టే.

పదకొండేళ్ళుగా ఇదే కొలువు నాకు:
నోరులేని వాటికి ఏమైందో కనిపెట్టడం.
శుక్రవారం సంతలో దుకాణం నడిపే ఇరానీ ముసలాయన గులామ్
మొదటిరోజే చెప్పాడు, వచ్చీరాని హిందీలో:
ముందు నీళ్ళనడుగు,
చేపని తర్వాత.

అలా అడిగీ అడిగీ కొన్ని నేర్చుకున్నాను.
ఇక్కడ ఎండాకాలం చల్లనీళ్ళ కుళాయి తిప్పితే పొగలొస్తాయి,
మేడమీది ట్యాంకు అలా కాగుతుంటుంది.
గీజరు ఆపేసి వేన్నీళ్ళ కుళాయి తిప్పితేనే చల్లనివి.
అది తెలియని డ్రైవరొకడు తొట్టె కడిగి తిన్నగా నింపేశాడు;
సిక్లిడ్లన్నీ పైకి తేలి గాలి కోసం గుటకలు.
ఫహాహీల్‌లో ఒకటి రాళ్ళకేసి ఒళ్ళు రుద్దుకునేది,
ఉప్పు వేస్తే తగ్గింది.
మహబూలాలో ఓ మగచేప
అద్దంలో తన నీడతోనే కలబడి మూతి చిట్లగొట్టుకుంది,
నల్లకాగితం అంటించి ఇద్దర్నీ విడదీశాను.
ఇంకోచోట ఒకే రౌడీ, మిగతావన్నీ మూలల్లో.
రాళ్ళన్నీ తీసి వేరేగా పేర్చాను.
ఎవరి హద్దు ఏదో మర్చిపోయి
అన్నీ కొత్తగా దిగినవాళ్ళలా మర్యాదగా తిరిగాయి.
(మా క్యాంపులో గదులు మార్చినప్పుడు మేమూ అంతే,
ఓ వారం.)

ఇవాళ్టిది పచ్చటి పసుపు రంగు, చూపుడువేలంత.
ఫిల్టరు గొట్టం వెనక నక్కింది. రెండు వారాలుగా తిండి లేదు.
గాజుగొట్టంలో చుక్కలు వేసి ఊపాను,
పసుపుగానే నిలిచింది. అమ్మోనియా లేదు.
వేడి సరిగ్గానే ఉంది.
నీళ్ళ తప్పేం లేదు.
"దవా, దవా" అంటున్నాడు ఇంటాయన,
ఫోను చెవిదగ్గర్నుంచి తీయకుండానే.
పేగుల జబ్బే అనుకున్నాను.
మాత్ర నూరి వెల్లుల్లి రసంలో కలుపుతున్నాను.

వంటింటి గుమ్మంలోంచి మాట:
"మందు పోయబాకన్నా. దానికి జబ్బేం ల్యా.
నోట్లో ఏందో పెట్టుకోనుండాది.
పద్నాలుగు దినాలుగా చూస్తాండా,
దవడ ఆడిస్తాది, మింగదు.
మేత జూస్తే మొగం తిప్పుకుంటాది."
రెడ్డెమ్మ. రాయచోటి.
నాది కోరుట్ల.
ఈ ఇంటికి నాలుగేళ్ళుగా వస్తున్నా
ఆమె గొంతు వినడం ఇదే మొదలు.

టార్చి వేశాను.
గొంతు కింద పలచటి తిత్తి.
అందులో ఆవగింజలో సగమంత నల్లచుక్కలు, జతలు జతలుగా.
కళ్ళు.
వెలుగు తగలగానే అన్నీ ఒక్కసారి దొర్లాయి.

కొరమీను తన పిల్లల మంద వెంట కావలి తిరగడం
చెరువులో చూసి పెరిగినవాణ్ణే.
నూరిన మందు సింకులో పారబోశాను.

"హామిల్" అన్నాను ఇంటాయనతో.
నవ్వాడు. ఒక్కో పిల్ల ఎంత పలుకుతుందని అడిగాడు.
ఈ పక్క అద్దానికి దుప్పటి కప్పమన్నాను,
దీపం తగ్గించమన్నాను,
ఇంకో పదిరోజులు ఎవరూ వేలితో అద్దం తట్టొద్దన్నాను.
రసీదులో మందు అన్నచోట గీత కొట్టి
రెండు దీనార్లు రాశాను.

"వదిలినాక మళ్ళా తింటాదా?" అంది రెడ్డెమ్మ.
తింటుంది, మొదట్లో కొంచెం కొంచెమే పెట్టాలన్నాను.
"ఇంగ నోరు తెరవచ్చని
దానికెవురు జెప్తారన్నా?"

గులామ్ నేర్పిన వాటిలో అది లేదు.
సామాను సర్దుకుంటుంటే
నా ఖాళీ సీసా తీసుకెళ్ళి
వేన్నీళ్ళ కుళాయి కింద పెట్టి నింపుకొచ్చింది.
వ్యాను దాకా
చేతికి చల్లగానే ఉంది.